బడి బయటి బాల్యం

కొల్లేటి సరస్సు నడుమ పెద్దింట్లమ్మ కొలువైన కొల్లేటికోటకు వెళ్లే దారిలో చేపల చెరువులు కనిపిస్తాయి. ఒక చెరువు గట్టున కాపలాదారు పాక ఉన్నదనుకొందాం. తండ్రి మేత చల్లుతుండగా పదేళ్ల కుమారుడు పడవ నడుపుతున్నాడు. చుట్టూ నీరే, కాని తాగే నీరు బయటినుండి రావాలి. జ్వరం వస్తే వైద్యునికై గట్టు దాటిపోవాలి. బాలుడు కూలి పుచ్చుకోడు కనుక బాలకార్మికుడనరు. బడిలోనూ లేడు. మరి అతడెవరు?

బడిలో లేని ప్రతి బిడ్డా బాలకార్మికుడే అని ఆచార్య శాంతా సిన్హా సమాధానం. 1950లో నెల్లూరులో జన్మించిన ఆమె హైదరాబాదు విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రం బోధించారు. తాతగారైన మామిడిపూడి వెంకటరంగయ్య పేర 1981లో ఏర్పడిన సంస్థ ద్వారా 1991 నుండి రంగారెడ్డి జిల్లా పల్లెలలో పిల్లలను పనినుండి బడికి మళ్లించారు. పేదరికం పోనిదే ఈ పని సాగదని చదువుకొన్నవారే ఎక్కువగా అంటుంటారు. బిడ్డను చదివించాలన్న కోరిక పేద తల్లిదండ్రులకూ ఉందనీ, బడి వారిని ఆదరించడం లేదనీ ఆమె గ్రహించారు. పన్నెండేళ్ల పిల్ల ఒకటవ తరగతి పసివారి మధ్య కూర్చోవడానికి సిగ్గుపడుతుంది. అందుకే శిబిరాలలో కొన్ని నెలలు చదువు చెప్పి, వయసుకు తగిన తరగతిలో చేర్పించేవారు. సంకర పత్తి విత్తనాల చేలలో పురుగుమందుల నడుమ పువ్వులకు పరాగం అద్దే ఆడపిల్లల ఆరోగ్యమూ ఈ పోరాటంలో భాగమైంది. 2003లో ఆమెకు రామన్ మెగసెసే పురస్కారం లభించింది.

2007లో ఏర్పడిన జాతీయ బాలల హక్కుల రక్షణ సంఘానికి ఆమె తొలి అధ్యక్షురాలయ్యారు. 2000 నాటి బాలల న్యాయచట్టం ప్రకారం పద్ధెనిమిదేళ్లు నిండనివారు నేరం చేసినా వారిని జైలుకు పంపరాదు, బాలల న్యాయమండలి విచారించాలి. 2012 డిసెంబరులో ఢిల్లీలో జరిగిన ఘోరం తరువాత ఈ వయస్సును తగ్గించాలని దేశమంతటా కోరారు. ప్రజాగ్రహానికి ఎదురు నిలవడం తేలిక కాదు. అయినా ఆమె పద్ధెనిమిదేళ్ల హద్దు ఉండాలనే వాదించారు. ఆమె పదవీకాలం 2013లో ముగిసింది. తీవ్రనేరాలలో పదహారేళ్లు నిండినవారిని పెద్దలవలె విచారించే వీలును 2015 చట్టం కల్పించింది.

గట్టుమీది బాలుని విషయంలో మాత్రం చట్టం ఆమె బాటనే నడిచింది. 2010 ఏప్రిల్ 1 నుండి అమలైన విద్యాహక్కు చట్టం ప్రకారం అతణ్ణి వయసుకు తగిన తరగతిలో చేర్చుకొని ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. పడవ తెడ్డు అతని చేతినుండి ఎవరు అందుకొంటారో గ్రామం తేల్చవలసి ఉంది.