సేవ చేయు చేతులకు విశ్రాంతి



తిరుత్తణి అనగానే మనకు డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు గుర్తుకు వస్తారు. 1888 సెప్టెంబరు 5న అక్కడి తెలుగు కుటుంబములో పుట్టిన ఆయన 1962లో రాష్ట్రపతి అయ్యారు. ఆ సంవత్సరము నుండి ఆయన జన్మదినమును ఉపాధ్యాయ దినోత్సవముగా జరుపుకొనుచున్నాము. ఆ దినమున టీచర్లకు దండలు వేసి, శాలువాలు కప్పుదుము. మంచిదే. గాని వారి శ్రమను పొగడుట వేరు, ఆ బరువులో కొంత మనము మోయుట వేరు.

తిరుత్తణి 1960 వరకు చిత్తూరు జిల్లాలో ఉండెను. సరిహద్దు మారినను ఇంటి భాష మారలేదు. ఇంట తెలుగు, బడిలో తమిళము, రికార్డులలో ఇంగ్లీషు. ఇట్లు మూడు భాషలతో దినమంతయు పని చేయు టీచరు సాయంకాలమునకు ఎంత అలసిపోవునో ఆలోచించండి. నైట్ డ్యూటీ ముగించుకొని తిరువళ్లూరులో రైలు దిగిన నర్సమ్మకు ఇంటివద్ద వంట, పిల్లలు, పెద్దలు ఎదురుచూచుచుందురు. శనివారము సంఘము నుండి కబురు వచ్చును: “రేపు సండే స్కూలు మీరే చూడాలమ్మా, క్వయరు కూడా.” చదువుకున్నవారు, కాదనలేనివారు అని మనమే అన్ని పనులు వారికి అప్పగించుచున్నాము.

ఈ అలసటకు ‘బర్నవుట్’ అను పేరును ప్రచారములోనికి తెచ్చినది ఫ్రాయిడెన్‌బర్గర్ అను మనస్తత్వ నిపుణుడు. న్యూయార్కులో ఉచిత వైద్యశాలలో సేవ చేయువారిని చూచి 1974లో ఆయన దీనిని గూర్చి వ్రాసెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీనికి మూడు గుర్తులు చెప్పినది: శక్తి ఉడిగిపోవుట, పనియందు విముఖత, ‘నా వలన ఏమియు కాలేదు’ అను భావము. ఇది రోగము కాదనియు, తీరని పని ఒత్తిడి వలన కలుగునదనియు ఆ సంస్థ తెలిపినది. కనుక దీనిని సోమరితనమనియో, విశ్వాసము తగ్గినదనియో అనరాదు.

1 రాజులు 19వ అధ్యాయములో ఏలీయా చావు కోరుకొనెను. దేవుడు మొదట అతనిని గద్దించలేదు. నిద్రపోనిచ్చి, రొట్టెయు నీళ్లును ఇచ్చెను. మాటలు తరువాతనే. నిర్గమకాండము 18వ అధ్యాయములో యిత్రో తన అల్లుడైన మోషేను చూచి, ఒక్కడవే మోయవద్దు, పని పంచుమని హెచ్చరించెను. విశ్రాంతి, పంపకము: రెండును కావలెను.

సేవ చేయువారు నైట్ డ్యూటీ తరువాత మొదట నిద్రపోవలెను. వారమునకు ఒక పూటయైనను తమకొరకు ఉంచుకొనవలెను. “ఈసారి నా వల్ల కాదు” అని చెప్పుటకు సిగ్గుపడరాదు. వారముల తరబడి నిద్ర లేకున్నను, బ్రతుకుమీద ఆశ తగ్గినను డాక్టరును కలవవలెను. ప్రభుత్వపు ‘టెలీ మానస్’ ఉచిత ఫోను 14416లో తెలుగులోను, తమిళములోను మాట్లాడవచ్చును.

సంఘముగా మనము సండే స్కూలు తరగతికి ఇద్దరిని నియమించి వంతులు వేయుదము. డ్యూటీ వలన ఆరాధనకు రాలేనివారిని “ఎందుకు రాలేదు?” అని కాక, “భోజనము చేశారా?” అని అడుగుదము.

చర్చించుటకు ప్రశ్నలు

1. మన సంఘములో మూడు పనులు ఒక్కరే చేయుచున్నారా? వారెవరు?

2. వాటిలో ఒకటి ఈ నెలలోనే ఎవరు తీసుకొందురు?