కలతలో ఉన్న మనసు – హజ్రత్ హాజిరా (అలైహస్సలాం) నేర్పే పాఠం

 

జుమా నమాజు అయ్యాక మా బద్వేలులో మసీదు అరుగు మీద కాసేపు కూర్చుంటే చాలు, ఊరి చింతలన్నీ చెవిన పడతాయి. ఒకరికి మూడో బోరు కూడా ఎండిపోయింది. ఇంకొకరి కొడుకు కువైట్ పోయి ఏడాదైనా ఇంటికి సరిగా డబ్బు రావడం లేదు. ఒకరికి కూతురి నికాహ్, మరొకరికి వడ్డీ అప్పు. ఇవేవీ ఉత్త భ్రమలు కావు. అప్పుల బాధకు ప్రాణం తీసుకున్న రైతుల ఇళ్ళు మన సీమలో మనం చూడనివి కావు. అటువంటి మనిషితో "అల్లాహ్ మీద భారం వేయి, అంతా అదే సర్దుకుంటుంది" అని ఒక ముక్క చెప్పి పంపేయడం ధర్మబోధ కాదు, మనం తప్పించుకోవడం. నేనూ కొన్నిసార్లు అలా చెప్పి పంపినవాణ్ణే. ఆ మాట సగమే. మిగతా సగం ఏమిటో ఈ నెల చూద్దాం.

దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) తరచుగా చేసే ఒక దుఆను ఆయన సేవలో పెరిగిన హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించారు. సహీహ్ బుఖారీలో ఉంది. అందులో ఆయన (స) ఎనిమిది విషయాల నుంచి అల్లాహ్ శరణు కోరేవారు. వాటిలో మొదటి రెండు హమ్, హజన్. హమ్ అంటే జరగబోయే దాని గురించిన బెంగ, హజన్ అంటే జరిగిపోయిన దాని గురించిన దుఃఖం అని ఇమామ్ ఇబ్నుల్ ఖయ్యిమ్ (రహ్) వివరించారు. వాటి వెంటనే అజ్జ్, కసల్ వస్తాయి. అజ్జ్ అంటే చేతకాకపోవడం, కసల్ అంటే చేతనైనా చేయకపోవడం. తరువాత పిరికితనం, పిసినారితనం. చివరగా అప్పుల భారం, మనుషుల దౌర్జన్యం.

ఈ వరుసను కాస్త నిదానంగా చూడండి. బెంగ పక్కనే చేతకానితనం ఉంది. కూరలో ఉప్పు రెండుసార్లు వేసే గృహిణిని చూశాం. కొలత సరిగానే తీసుకుని గుడ్డ తప్పుగా కత్తిరించే దర్జీని చూశాం. వారి పనితనం ఎక్కడికీ పోలేదు, మనసే అక్కడ లేదు. కొత్త ఉపాయం తోచడానికి మనసులో కొంచెం చోటు కావాలి. ఆ చోటంతా బెంగ ఆక్రమించుకుంటే, నాలుగో బోరు వేయడం తప్ప మరో ఆలోచన రాదు.

ఇక ఆ తల్లి సంగతికి వద్దాం. హజ్రత్ ఇబ్రాహీం (అలై) తన భార్య హజ్రత్ హాజిరాను, పాలు తాగే పసివాడు ఇస్మాయీల్‌ను మక్కా లోయలో విడిచి వెళ్ళారు. అప్పుడు అక్కడ మనుషులు లేరు, నీళ్ళు లేవు. ఇచ్చినవి ఒక సంచిలో ఖర్జూరాలు, ఒక తోలుతిత్తిలో నీళ్ళు. ఆమె ఆయన వెంటపడి మళ్ళీ మళ్ళీ అడిగారు. ఆయన వెనుదిరగలేదు. చివరికి, ఇది అల్లాహ్ ఆజ్ఞా అని అడిగారు. ఔనన్నారు. అలాగైతే ఆయన మమ్మల్ని వృథా కానివ్వడని చెప్పి వెనక్కి మళ్ళారు. హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) ఉల్లేఖించిన ఈ వృత్తాంతం కూడా బుఖారీలోనిదే.

ఇక్కడితో ఆగిపోతే మనం రోజూ చెప్పే తవక్కుల్ అదే. కానీ నీళ్ళు అయిపోయాయి. పిల్లవాడు దాహంతో తల్లడిల్లాడు. అల్లాహ్ వృథా కానివ్వడని అన్న ఆ తల్లే లేచి సఫా గుట్ట ఎక్కి, ఎవరైనా కనబడతారేమోనని చూశారు. దిగి, పల్లంలో పరుగెత్తి మర్వా ఎక్కారు. ఇలా ఏడుసార్లు. ఆమె నమ్మకానికీ ఆమె పరుగుకూ మధ్య తగాదా లేదు. ఎక్కడా నీళ్ళు కనబడకపోయినా ఏడోసారి కూడా వెళ్ళగలిగారంటే, ఫలితం తన చేతిలో లేదని ఆమెకు తెలుసు కాబట్టే.

హదీసులో చాలామంది గమనించకుండా చదివేసే చిన్న విషయం ఒకటుంది. చివరిసారి మర్వా మీద ఆమెకు ఏదో శబ్దం వినబడింది. అప్పుడామె తనకు తానే, ఊరుకో అని చెప్పుకుని, చెవి ఒగ్గి విన్నారు. అక్కడ గోల చేసేవారు ఇంకెవరూ లేరు. ఆమె ఊరుకోబెట్టింది తన లోపలి గోలనే. అప్పుడు శబ్దం మళ్ళీ స్పష్టంగా వినబడింది. చూస్తే, పిల్లవాడున్న చోట దైవదూత నేల తవ్వుతున్నాడు. నీళ్ళు పైకి వచ్చాయి. పరుగెత్తింది సఫా మర్వాల మధ్య, నీళ్ళు పుట్టింది మరోచోట! ఆమె వెంటనే చేతులతో మట్టి పోగు చేసి నీటి చుట్టూ గట్టు కట్టారు, తిత్తి నింపుకున్నారు.

నీటికి గట్టు కట్టడం మన ప్రాంతం వాళ్ళకు కొత్త కాదు. బద్వేలుకు ఉత్తరాన పోరుమామిళ్ళ చెరువుంది. బుక్కరాయల కుమారుడు భాస్కరుడు 1369లో వేయించిన శాసనం ఆ చెరువు ఎలా కట్టారో చెబుతుంది. రోజూ వెయ్యి మంది కూలీలు, రాళ్ళు మోయడానికి వంద బండ్లు, రెండేళ్ళ పని. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు లెక్కగట్టి రాశారు. కట్ట నుంచి నీరు ఊరడం ఒక దోషం. కొంచెం నీటితో చాలా పొలం తడపాలనుకోవడం మరో దోషం. ఈ రెండోది మన ఊళ్ళలో ఈనాటికీ ఉంది. వాన వారి చేతిలో లేదు. అది తెలిసినవారే కట్టమీద అంత శ్రద్ధ పెట్టారు.

సూరా ముల్క్ చివరి ఆయత్‌లో అల్లాహ్, మీ నీళ్ళు భూమిలోకి ఇంకిపోతే పారే నీటిని మీకు తెచ్చిచ్చేదెవరని అడుగుతున్నాడు (67:30). బోరు ఎండిన రైతు ఈ ప్రశ్నను బెదిరింపుగా వినకూడదు. నీటి యజమాని ఎవరో తెలిసిపోయింది కనుక, ఇక తన వంతు పని ఏమిటో చూసుకోవచ్చు. వానల్లో పొలంలో పారే నీటిని గుంటలో నిలపాలా? డ్రిప్ వేయాలా? ఈసారి వరి మానాలా? ఇవి ప్రశాంతంగా కూర్చున్నవాడికే తోచే ప్రశ్నలు.

ఒక మాట అప్పిచ్చినవారికి కూడా. ఆ దుఆలో మనుషుల దౌర్జన్యం కూడా ఉందని మరువకండి. ఇబ్బందిలో ఉన్న రుణగ్రస్తుడికి గడువివ్వమని ఖుర్ఆన్ ఆదేశం (2:280). గుమ్మం ముందు నిలబడి కేకలేసి, తరువాత అతనికి సబ్ర్ బోధించడం న్యాయం కాదు. అలాగే, వారాల తరబడి నిద్ర పట్టక, తిండి సయించక, బతకాలనిపించనివారిని డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళండి. ఒంటరిగా వదలకండి. వైద్యం చేయించుకోమన్నది కూడా దైవప్రవక్త (స) బోధే. దాన్ని ఈమాన్ బలహీనత అనకండి.

ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్ అప్పు రాసుకోవడం గురించినది (2:282). చిన్నదైనా పెద్దదైనా రాయడానికి విసుగుపడవద్దని, అది అనుమానాలను దూరం చేస్తుందని అందులో ఉంది. తలలో తిరిగే అప్పు రాత్రికి రెండింతలవుతుంది, కాగితం మీది అప్పు ఉన్నంతే ఉంటుంది. కాబట్టి ఇషా తరువాత కూర్చుని ఎవరికి ఎంత, ఎప్పటికి అన్నది రాయండి. వుజూ చేసుకుని కుడి పక్కకు తిరిగి పడుకుని, నా వ్యవహారాన్ని నీకే అప్పగించానని ప్రభువుతో విన్నవించుకునే దుఆ హజ్రత్ బరా (రజి)కి ఆయన (స) నేర్పారు. అది చదువుకుని కళ్ళు మూయండి. తన ఉమ్మత్ ఉదయాలలో బర్కత్ ప్రసాదించమని కూడా ఆయన (స) వేడుకున్నారు. ఫజర్ నమాజు అయ్యాక ఆ కాగితం తీసి, ముందు ఎవరి దగ్గరకు వెళ్ళి గడువు అడగాలో చూసుకోండి.