అల్లాహ్ కోసం అల్లిన టోపీ

గడచిన రమజానులో ఒకరోజు మహిళల దర్స్ ముగిశాక ఒక పెద్దావిడ అందరూ వెళ్ళేదాకా కూర్చుని, చేతిసంచీ ఒకటి నా ఒళ్ళో పెట్టింది. విప్పి చూస్తే తెల్లటి నూలు దారంతో, కొక్కెం సూదితో అల్లిన జాలీ టోపీలు. లెక్కపెడితే 23 ఉన్నాయి.

మనవడికి జ్వరం ముదిరి ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఆమె మొక్కుకుందట. పిల్లవాడు బతికి బయటపడితే నా చేతులతో 40 టోపీలు అల్లి అల్లాహ్ పేరున దానం చేస్తాను అని. అల్ హమ్దు లిల్లాహ్, పిల్లవాడు కోలుకున్నాడు. బడికి కూడా వెళ్తున్నాడు. ఆమె అల్లటం మొదలుపెట్టింది. 23 పూర్తయ్యేసరికి కుడిచేతి బొటనవేలి కీలు వాచిపోయింది. సూది పట్టుకోవద్దన్నారు డాక్టరు. ఇంతలో పక్కింటావిడ ఒక మాట అనేసింది: మొక్కు సగంలో వదిలేస్తే అది పిల్లవాడి మీదికి తిరిగొస్తుందని!

"ఆపా, మిగిలిన పదిహేడు టోపీలు నా మనవడి మెడకు చుట్టుకుంటాయా?" అని అడిగింది ఆమె. అడిగేటప్పుడు ఆమె గొంతు వణికింది.

"లేదు ఖాలా, చుట్టుకోవు" అన్నాను. ఆ మాట ముందు చెప్పేశాక మిగతాది నెమ్మదిగా మాట్లాడుకున్నాం. ఆ సంభాషణే ఈ నెల పాఠం. ఎందుకంటే ఈ భయం ఆమె ఒక్కదానిది కాదు.

మొక్కు అంటే బేరం కాదు

ఒకరి భారాన్ని మరొకరు మోయరని దివ్య ఖుర్ఆన్ స్పష్టంగా చెబుతోంది (6:164). నానమ్మ మొక్కు తీర్చలేదని మనవడిని పట్టుకునే న్యాయం అల్లాహ్ దగ్గర లేదు. అసలు మొక్కు (నజర్) వల్ల విధిరాతలో ఏదీ ముందుకు జరగదు, వెనక్కి పోదు. దాని వల్ల జరిగేదల్లా పిసినారి చేతి నుంచి కాస్త ధనం బయటికి రావటమేనని దైవప్రవక్త ముహమ్మద్ (స) హెచ్చరించారు. ఈ హదీసును హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) ఉల్లేఖించారు (బుఖారీ, ముస్లిం). అంటే పిల్లవాడికి స్వస్థత ఇచ్చింది అల్లాహ్ కారుణ్యమే. 40 టోపీలు దానికి ధర కాదు. ధర కానప్పుడు, బాకీ పడ్డామని ఆయన ఇచ్చినదాన్ని వెనక్కి లాక్కోవటం అనే ఊహే తప్పు. షాపువాడి పద్ధతిని మనం విశ్వప్రభువుకు అంటగడుతున్నాం.

అయితే, మొక్కుకున్నాక దాన్ని తేలిగ్గా తీసుకోవటం కూడా కుదరదు. అల్లాహ్‌కు విధేయత చూపే పని చేస్తానని మొక్కుకున్నవారు ఆ పని చెయ్యాలని, అవిధేయతకు మొక్కుకున్నవారు మాత్రం అది చెయ్యకూడదని హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించిన హదీసులో ఉంది (బుఖారీ). ఇక్కడే ఇంకొక మాట చెప్పుకోవాలి. మొక్కు అనేది ఆరాధన. ఆరాధన అల్లాహ్‌కు మాత్రమే. టోపీ అయినా, చాదర్ అయినా, పూలదండ అయినా ఫలానా బాబాగారి పేరున, ఫలానా దర్గాకు అని మొక్కుకుంటే ఆ మొక్కు తీర్చవలసినది కాదు, తౌబా చేసుకోవలసినది. ఖాలాను ఈ సంగతి అడిగాను. తాను అల్లాహ్ పేరునే మొక్కుకున్నానని చెప్పింది.

చెయ్యి పనిచెయ్యకపోతే?

హజ్రత్ ఉఖ్బా బిన్ ఆమిర్ (రజి) గారి సోదరి కాబా గృహం దాకా నడిచి వెళ్తానని మొక్కుకుంది. అంత దూరం నడక ఆమెకు శక్తికి మించిన పని. అన్నగారు వచ్చి దైవప్రవక్త (స)ను అడిగితే, కొంత నడవమనండి, కొంత సవారీ ఎక్కమనండి అని ఆయన సెలవిచ్చారు (బుఖారీ, ముస్లిం). మరొకసారి ఒకాయన ఎండలో నిలబడి ఉండటం చూశారు. ఏమిటని అడిగితే, కూర్చోకుండా, నీడకు పోకుండా, ఎవరితో మాట్లాడకుండా ఉపవాసం ఉంటానని మొక్కుకున్నాడని చెప్పారు. మాట్లాడమనండి, నీడకు వెళ్ళమనండి, కూర్చోమనండి, ఉపవాసం మాత్రం పూర్తి చెయ్యమనండి అన్నారాయన (బుఖారీ). మొక్కులో ఆరాధన ఏదో, ఒంటికి వేసుకున్న అనవసరపు శిక్ష ఏదో ఆయన ఎంత సులువుగా వేరుచేశారో చూడండి!

ఖాలా మొక్కులోనూ రెండు ముక్కలున్నాయి. ఒకటి దానం చెయ్యటం, రెండవది తన చేత్తోనే అల్లటం. దానం ఆరాధన. అల్లిక దానంతట అది ఆరాధన కాదు, దానానికి మార్గం. హనఫీ ఫిఖహ్ ప్రకారం దానానికి మొక్కుకున్నప్పుడు బాధ్యత దానం మీద ఉంటుంది. చెప్పిన వస్తువుకు బదులు దాని విలువ ఇచ్చినా మొక్కు తీరుతుంది. కాబట్టి మిగిలిన 17 టోపీలు మరొకరి చేత అల్లించి ఇవ్వవచ్చు, కొని ఇవ్వవచ్చు, వాటి ఖరీదు పేదలకు ఇవ్వవచ్చు. ఆమె గడువు ఏదీ పెట్టుకోలేదు గనుక, నొప్పి తగ్గాక నెలకొకటి చొప్పున అల్లుకున్నా అభ్యంతరం లేదు.

ఇందులో చాలామంది గమనించని విషయం ఒకటుంది. మొక్కుబడి దానం పేదల హక్కు. ఉన్నవారు దాన్ని వాడుకోకూడదు. మామూలు ఐచ్ఛిక దానంగా అయితే టోపీలను మస్జిదు గుమ్మం దగ్గర పెట్టవచ్చు, ఎవరైనా తీసి పెట్టుకుంటారు. మొక్కుకున్న టోపీలు మాత్రం పేద పిల్లల చేతికే చేరాలి. మీరు మొక్కుకున్నప్పుడు పలికిన మాటలు ఏమిటో సరిగ్గా గుర్తుచేసుకుని మీ ఊరి ఆలింను అడగండి. మాట మారితే తీర్పు మారుతుంది.

బొత్తిగా ఏ దారీ లేనివారికి మొక్కు పరిహారం (కఫ్ఫారా) ప్రమాణ భంగానికి ఉన్న పరిహారమేనని హదీసులో ఉంది (ముస్లిం). అదేమిటో మాయిదా సూరా చెబుతోంది: పదిమంది పేదలకు అన్నం పెట్టటం, లేదా వారికి బట్టలివ్వటం, లేదా బానిసకు విముక్తి. ఇవేవీ చేతకానివారు మూడు రోజులు ఉపవాసాలుండాలి (5:89). ఇది విని ఒక సోదరి "అయితే పదిమందికి పది టోపీలిస్తే బట్టలిచ్చినట్టే కదా!" అంది. తెలివైన ప్రశ్నే. హనఫీ పండితుల దృష్టిలో అక్కడ బట్టలంటే ఒంటిని చాలావరకు కప్పేవి. టోపీ దానికి సరిపోదు. షాఫయీ పండితులలో ఈ విషయమై భిన్నాభిప్రాయాలున్నాయి.

చేతి కష్టం దానమైతే

ఖాలా మొక్కు సంగతి అలా ఉంచండి. మొక్కు లేకుండానే, కేవలం దైవప్రసన్నత కోరి చేత్తో చేసిన వస్తువు ఇవ్వటం ఎంత అందమైన పని!

ఒక స్త్రీ దైవప్రవక్త (స) సన్నిధికి అంచు నేసిన దుప్పటి ఒకటి తెచ్చింది. దాన్ని తన చేతులతో నేశానని, ఆయన ధరించాలని తెచ్చానని విన్నవించుకుంది. ఆ సమయంలో ఆయనకు దాని అవసరం ఉంది. స్వీకరించారు. దాన్నే కట్టుకుని అనుచరుల మధ్యకు వచ్చారు. వారిలో ఒకాయన అది బాగుందని, తనకిమ్మని అడిగేశాడు. ఆయన లోపలికి వెళ్ళి, మడిచి పంపించేశారు. ఆయనకు అవసరమని తెలిసి, అడిగినవారిని కాదనరని తెలిసి ఎందుకడిగావని జనం ఆ వ్యక్తిని తప్పుపట్టారు. అది తనకు కఫన్ కావాలని అడిగానన్నాడు. చివరికి అదే అతని కఫన్ అయిందని హజ్రత్ సహల్ బిన్ సఅద్ (రజి) తెలిపారు (బుఖారీ). ఆ స్త్రీ ఎవరో ఈ ఉల్లేఖనంలో లేదు. ఆమె నేసిన బట్ట మాత్రం ఒక విశ్వాసితో పాటు సమాధి దాకా వెళ్ళింది.

విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ జైనబ్ బిన్తె జహష్ (రజి) సంగతి మీలో చాలామందికి తెలుసు. నా తరువాత మీలో ముందుగా నన్ను కలుసుకునేది పొడవైన చేతులు గల ఆమే అని దైవప్రవక్త (స) తన భార్యలతో అన్నారు. వారు నిజంగానే చేతులు కొలుచుకున్నారు! ఆయన మరణానంతరం వారిలో మొదట కన్నుమూసినది జైనబ్ (రజి). ఆమె తన చేత్తో పనిచేసి, వచ్చినది దానం చేసేదని హజ్రత్ ఆయిషా (రజి) వివరించారు (ముస్లిం). తోళ్ళు పదును చేయటం, కుట్టటం ఆమెకు వచ్చిన పనులు. చెయ్యి పొడవంటే ఏమిటో అందరికీ అప్పుడు అర్థమైంది.

కొందరు ఇంత చిన్న టోపీ ఇవ్వటానికి సిగ్గుపడతారు. తబూక్ రోజులను చెప్పే తౌబా సూరాలో, తమ కాయకష్టం తప్ప ఇవ్వటానికి మరేమీ లేనివారిని ఎగతాళి చేసిన కపటుల ప్రస్తావన ఉంది (9:79). మూటలు మోసి సంపాదించిన కొద్దిపాటి ధాన్యం ఒకాయన తెస్తే, ఈ పిడికెడు గింజలు అల్లాహ్‌కు అవసరమా అన్నారు వాళ్ళు. ఎక్కువ తెచ్చినవారినేమో చూపించుకోవటానికి తెచ్చారన్నారు (బుఖారీ). ఏ కాలంలోనైనా ఆ నోళ్ళు అంతే. ఖుర్బానీ మాంసమూ రక్తమూ అల్లాహ్‌కు చేరవు, చేరేది మీ భయభక్తులేనని ఖుర్ఆన్ అంటోంది (22:37). టోపీ విషయంలో కూడా అంతే. చేరవలసినచోటికి దారం చేరదు.

అల్లేవారికి కొన్ని మాటలు

దానం చేసేటప్పుడు పనికిరానిదాన్ని, మీకిస్తే మీరే కళ్ళు మూసుకుని తప్ప తీసుకోనిదాన్ని ఏరి ఇవ్వకండని ఆదేశం (2:267). అందుకే మిగిలిపోయిన దారపు ముక్కలతో టోపీ అల్లి సదఖా అనకండి. మన ఎండలకు నూలు దారమే మంచిది. కృత్రిమ ఉన్నితో అల్లితే తల ఉడికిపోతుంది. రంగు దారమైతే ముందు నీళ్ళలో నానబెట్టి రంగు దిగుతుందేమో చూడండి. జుమా రోజు తెల్ల చొక్కా పాడైతే పిల్లవాడు ఆ టోపీని మళ్ళీ ముట్టడు.

పెద్దవారి తల చుట్టుకొలత సాధారణంగా 56 నుంచి 58 సెంటీమీటర్లు. పైబిళ్ళను నడిమి నుంచి గుండ్రంగా అల్లుకుంటూ రండి. చుట్టుకొలతను సుమారు మూడుతో భాగిస్తే బిళ్ళ అడ్డకొలత వస్తుంది, అంటే 18 సెంటీమీటర్ల దగ్గర. అల్లిక సాగుతుంది గనుక 17 దగ్గరే ఆపి, కుట్లు పెంచకుండా కిందికి అల్లుకుపోతే అంచు తలకు పట్టి ఉంటుంది. సజ్దాలో జారకుండా ఉండాలంటే ఈ కొలతే కీలకం. బిళ్ళ అలలు తిరిగితే కుట్లు ఎక్కువ పెంచుతున్నారన్నమాట. గిన్నెలా ముడుచుకుంటే తక్కువ పెంచుతున్నారు. విప్పటానికి బద్ధకించవద్దు.

టోపీ మీద అల్లాహ్ నామం, ఆయతులు అల్లకండి. అది జేబులో మరుగుదొడ్డిలోకి పోతుంది, కింద పడుతుంది. జంతువుల, మనుషుల బొమ్మలూ వద్దు. ఆకులు, నక్షత్రాలు, జాలీ గళ్ళు చాలు. హజ్జ్‌కు వెళ్ళేవారికి ఇవ్వాలనుకుంటే ఇవ్వండి, అయితే ఇహ్రాంలో పురుషులు తల కప్పుకోరాదు, ఇహ్రాం విప్పాకే అది పనికొస్తుంది. అన్నట్టు, టోపీ లేకుండా పురుషుల నమాజు చెల్లదని కొందరు పిల్లలను వెనక్కి పంపేస్తారు. అది సరికాదు. తల కప్పుకోవటం నమాజు మర్యాద, షరతు కాదు. ఫలానా టోపీ దానానికి ఇంత పుణ్యమని ప్రత్యేకించి చెప్పే మాటలు ఎక్కడైనా వింటే ఆధారం అడగండి. దానానికి ఉన్న మామూలు ప్రతిఫలమే తక్కువేమీ కాదు.

అల్లుతూ జిక్ర్ చేసుకోవచ్చా అని అడుగుతుంటారు. నిరభ్యంతరంగా చేసుకోవచ్చు. కాకపోతే కుట్లూ తస్బీహ్‌లూ రెండూ లెక్కపెట్టబోతే రెండు లెక్కలూ తప్పుతాయి. ఇది నా అనుభవం. లెక్క కుట్లకు వదిలేసి, జిక్ర్ లెక్కలేకుండా చేసుకోండి. అజాన్ వినబడితే ఈ వరస అయ్యాక లేద్దాం అనుకోవద్దు. ఆ వరస ఎప్పటికీ అవ్వదు.

ప్రసూతి ఆసుపత్రిలో పేదవారి పసికందులకు చిన్న టోపీలు అల్లి ఇచ్చినా గొప్ప దానమే. పుట్టిన బిడ్డ ఒంటి వేడి తల నుంచి తొందరగా పోతుంది. నెలలు నిండని బిడ్డలను తల్లి గుండెకు ఆనించి పడుకోబెట్టేటప్పుడు కూడా తలకు టోపీ తొడుగుతారు. దానికి మెత్తటి నూలు, దగ్గర దగ్గర కుట్లు ఉండాలి. జాలీ కన్నాల్లో చిన్నారి వేళ్ళు ఇరుక్కుంటాయి. గుండీలు, పూసలు అసలే వద్దు. ఏ మతం బిడ్డ అని చూడకండి.

ఇచ్చాక? ఫలానా వాడి నెత్తిమీద ఉన్నది నేను అల్లిందే అని పదిమందిలో అంటే ఆ దానం ఏమవుతుందో బఖరా సూరా చెప్పింది (2:264). గట్టిగా వడికిన నూలును తానే పీకి పోగులు చేసుకున్న స్త్రీలా కావద్దని నహల్ సూరాలో ఒక ఉపమానం ఉంది (16:92). అది ప్రమాణాలను భంగపరిచేవారి గురించి చెప్పినది. అయినా దారం పట్టే చేతులకు అది మరింత బాగా అర్థమవుతుంది.

ఖాలా విషయానికొస్తే, ఆ 23 టోపీలు ఒక మద్రసాలో చదువుకునే పేద పిల్లలకు చేరాయి. మిగతా 17 అల్లటానికి నర్సాపురం వైపు నుంచి కోడలిగా వచ్చిన ఒక అమ్మాయి దొరికింది. లేసు అల్లికలకు పేరుపడ్డ ఊరది, 2024లో భౌగోళిక గుర్తింపు కూడా పొందింది. ఆ అమ్మాయి ఊరికే అల్లిస్తానంది. ఖాలా ఒప్పుకోలేదు, టోపీకి ఇంత అని కూలి మాట్లాడుకుంది. మొక్కు తనది గనుక ఖర్చూ తనదేనంది. పోయిన వారం నాలుగు తయారయ్యాయి. ఒకదాని అంచు వదులైందని ఖాలా వెనక్కి పంపింది.