పొదగేసే ముందే పాడవుతున్న గుడ్లు

శివరాత్రికి చలి శివ శివా అంటూ వెళ్లిపోయింది. పెరట్లో పెట్టలు ఒక్కొక్కటిగా పొదుగుకు వస్తున్నాయి. గూట్లోంచి లేవవు, చెయ్యి పెడితే ఈకలు నిక్కబొడుచుకుని గుర్రుమంటాయి, పొట్ట కింద ఈకలు రాలి చర్మం వెచ్చగా తగులుతుంది. ఇప్పుడు పొదగేస్తే 21 రోజులకు పిల్లలు దిగుతాయి. నడి ఎండలు వచ్చేసరికి వాటికి రెక్కల ఈకలు వచ్చి, నీడ వెతుక్కునే తెలివి వస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో పొదగేయడం పాతవాళ్లు మానేసింది ఊరికే కాదు.

పెరటి కోళ్లు పెంచేవాళ్ల నోట ఈ రోజుల్లో తరచూ వినపడే మాట ఉంది: పన్నెండు వేస్తే అయిదే దిగాయి. తప్పు పెట్టదంటారు, పొదిగించే మిషనుదంటారు, లేదంటే మొన్న ఉరిమింది కదా అంటారు. ఉరుము తగలకుండా గంపలో ఇనుప ముక్క, బొగ్గు వేసే అలవాటు చాలా ఊళ్లలో ఉంది. వేసుకోండి, నష్టమేమీ లేదు. కానీ గుడ్డు చాలాసార్లు గంపలోకి రాకముందే పాడవుతోంది. వంటింటి గట్టు మీదో, రేకుల కింద అటక మీదో తట్టలో పెట్టిన ఆ వారం పది రోజుల్లోనే జరగాల్సిన నష్టం జరిగిపోతోంది.

గుడ్డు బయటికి వచ్చేసరికే అందులోని పిండానికి దాదాపు ఒక రోజు వయసుంటుంది. పెట్ట ఒంటి వేడి సుమారు 41 డిగ్రీల సెల్సియస్. తెల్లసొన చేరి పెంకు కట్టుకునే 24, 25 గంటల్లో పిండం వేల కణాలుగా విడిపోయి ఉంటుంది. గుడ్డు చల్లబడగానే ఆ ఎదుగుదల ఆగుతుంది. సుమారు 20, 21 డిగ్రీల కింద అది పూర్తిగా నిద్ర. 37.5 డిగ్రీల దగ్గర సక్రమంగా పెరుగుతుంది. చిక్కంతా ఈ రెండింటి మధ్య ఉంది. ఫాల్గుణ మాసపు మధ్యాహ్నం మన ఇళ్లలో ఉండే 30, 32 డిగ్రీల వేడికి పిండం సగం మేలుకుంటుంది, ఎదుగుదల అస్తవ్యస్తంగా మొదలవుతుంది, రాత్రికి మళ్లీ మందగిస్తుంది. నాలుగైదు రోజులు ఇలా సాగితే నీరసించిపోతుంది. తర్వాత దాన్ని ఎంత మంచి పెట్ట కింద వేసినా మూడో రోజుకో నాలుగో రోజుకో చచ్చిపోతుంది. మనం మాత్రం 21 రోజులు ఎదురుచూస్తాం.

గూట్లో వదిలే గుడ్డు సంగతి చూడండి. పెట్ట చోటు మార్చకూడదని రోజూ ఒకటి వదిలి మిగతావి తీస్తాం. దాని మీద రోజుకో పెట్ట వచ్చి కూర్చుని లేస్తుంది. అరగంట వెచ్చదనం, మళ్లీ చల్లదనం. చివరికి అదీ మిగతా వాటితో కలిసి గంపలోకి పోతుంది. మురిగిపోయే వాటిలో అది తప్పకుండా ఉంటుంది. దాని బదులు చెక్క గుడ్డో, సున్నపు ముద్దో, నున్నటి తెల్ల గులకరాయో పెట్టండి. పెట్టకు తేడా పట్టదు. పెట్టిన గుడ్లను పొద్దున రెండుసార్లు, సాయంత్రం ఒకసారి తీసి, పెన్సిల్‌తో తేదీ రాయండి. ఏది ఏ రోజుదో తెలియని తట్ట నుంచి పొదుగు వేయకండి.

వారం లోపు గుడ్లే పొదుగుకు మేలు. పది రోజులు దాటితే పిల్లలు బాగా తగ్గుతాయి, రెండు వారాలు దాటినవి వేయడం గంపలో చోటు దండగ. ఒక్క నాటు పెట్టే ఉంటే ఇక్కడే ఇబ్బంది. అది రోజు విడిచి రోజు పెడుతూ పన్నెండు గుడ్లు పూర్తి చేసేసరికి మొదటివి ముసలివైపోతాయి. మొదటి గుడ్లు ఏ రోజువి ఆ రోజే కూరకు వాడేసి, చివరి ఆరేడు మాత్రం పొదగేయండి. అయిదారు పెట్టలున్నవాళ్లకు ఈ బాధ లేదు, నాలుగైదు రోజుల గుడ్లతోనే ఒక పొదుగు నిండుతుంది. మధ్యస్థంగా ఉన్న నాటు పెట్ట కిందికి పది, పన్నెండు చాలు. ఆశకు పోయి పదహారు వేస్తే అంచున ఉన్నవి రోజుకొకటి చొప్పున చల్లబడుతుంటాయి.

కుండలో దాచడం

పెద్ద హేచరీల్లో పొదిగించే గుడ్లను 13 నుంచి 18 డిగ్రీల సెల్సియస్ వేడిలో, 70, 75 శాతం తేమలో దాస్తారు. మన ఇంట్లో దానికి దగ్గరగా వెళ్లే వస్తువు పాత మట్టి కుండ. ప్లాస్టిక్ తొట్టిలో జానెడు ఇసుక పోసి, తడిపి, కుండను మూడో వంతు దిగేలా కూర్చోబెట్టండి. లోపల పొడి ఊక పోసి, గుడ్లను సన్న కొన కిందికి, వెడల్పు వైపు పైకి ఉండేలా నిలబెట్టండి. వెడల్పు వైపున గాలి గది ఉంటుంది, అది పైనే ఉండాలి. మూతికి పలచటి గుడ్డ కట్టి, ఇసుకను పూటకోసారి తడపండి. రంగు వేసిన కుండ చెమర్చదు, కాబట్టి చల్లబడదు. ఎండ తగలని, గాలి ఆడే మూల దీనికి అనువైన చోటు. తెలంగాణలో, రాయలసీమలో ఈ రోజుల్లో వీచే పొడిగాలికి కుండ బాగా పనిచేస్తుంది. కోస్తాలో గాలిలోనే చెమ్మ ఉంటుంది గనుక అంత చల్లదనం రాదు. కుండలో చవకరకం థర్మామీటరయినా సరే, ఒకటి వేసి చూడండి. 20 డిగ్రీల లోపు ఉంటే వారం దాచొచ్చు. 25 దాటుతోందంటే మూడు నాలుగు రోజులకు మించకండి. చల్లదనం తగ్గే కొద్దీ దాచే రోజులూ తగ్గాలి.

ఫ్రిజ్ గురించి అందరూ అడుగుతారు. పాలూ పెరుగూ పెట్టే అరల్లో 4, 5 డిగ్రీలుంటుంది, అక్కడ పిండం దెబ్బతింటుంది. అడుగున కూరగాయల డబ్బా కొంత నయం. ఎండలు మరీ ముదిరి వేరే దారి లేనప్పుడు, చల్లదనం మీటను తక్కువకు తిప్పి, గుడ్లను బట్టలో చుట్టి రెండు మూడు రోజులు ఉంచవచ్చు. తీసి అలాగే ఉక్కపోత గదిలో పెడితే పెంకు మీద చెమట పడుతుంది. పెంకుకు వేలల్లో సన్న రంధ్రాలుంటాయి, ఆ తడితో పాటు సూక్ష్మజీవులు లోపలికి పోతాయి. గుడ్లను బట్టలోనే ఉంచి, ఆరేడు గంటలు నెమ్మదిగా గది వేడికి రానిచ్చి, అప్పుడు వేయండి.

కడగడం కూడా ఇదే కారణానికి వద్దు. గుడ్డు మీద పుట్టుకతో వచ్చే పలచటి పొర ఉంటుంది, చన్నీళ్లతో కడిగితే అది పోతుంది, రెట్ట లోపలికి ఇంకుతుంది. చిన్న మరక ఉంటే పొడి గుడ్డతో తుడవండి, బాగా మురికైనవి పొదుగుకు వద్దు. గూట్లో వరిగడ్డి మారుస్తుంటే ఆ అవసరమే రాదు. మరీ పెద్దవి, గోళీల్లా గుండ్రటివి, పెంకు గరుకుగా ఉన్నవి తీసేయండి. రెండు గుడ్లను మెల్లగా తట్టి వినండి. పగులున్న దాని చప్పుడు బొంగురుగా ఉంటుంది.

బస్సు పార్సిల్లో జాతి గుడ్లు, ముఖ్యంగా అసీల్ గుడ్లు తెప్పించుకునేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. దారి కుదుపులకు గాలి గది చెదిరి ఉంటుంది. వచ్చీ రాగానే మిషన్లో పెట్టకుండా, వెడల్పు వైపు పైకి ఉంచి ఒక రోజు కదపకుండా వదిలేయండి.

పెట్ట, మిషను

రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంచాలకాలయం వృద్ధి చేసిన వనరాజా, గ్రామప్రియ పెట్టలు గుడ్లు బాగా పెడతాయి గానీ పొదుగు మీద కూర్చోవు. వాటి గుడ్లు నాటు పెట్ట కింద వేయడం మామూలే. అయితే అవి సంకర రకాలు, ఆ గుడ్ల నుంచి దిగిన పిల్లలన్నీ తల్లిలాగా గుడ్లు పెట్టవు. మంద పెంచుకోవడానికి కాకుండా మాంసానికి అయితే ఫరవాలేదు. నాటు పెట్టల్లో పొదగడానికి అసీల్ పెట్టను మించింది లేదు.

పొదగేసే ముందు పెట్ట రెక్కల కింద, తోక మొదట్లో పేలు చూడండి. పేలున్న పెట్ట నిలకడగా కూర్చోదు. గంపలో అడుగున బూడిద, దాని మీద వేపాకు, పైన వరిగడ్డి పరిచి, చీకటి పడ్డాక వేయండి. రాత్రి వేసిన పెట్ట తెల్లారేసరికి కుదురుకుంటుంది. రోజుకోసారి పావుగంట, ఇరవై నిమిషాలు లేచి తిని, నీళ్లు తాగి వస్తుంది, దాన్ని ఆపకండి. గుడ్లు ఎప్పుడు తిప్పాలో, ఎంత వెచ్చగా ఉంచాలో దానికి ఎవరూ చెప్పక్కర్లేదు.

మిషనుకు అన్నీ మనమే చెప్పాలి. ఫ్యాను ఉన్న దాంట్లో 99.5 డిగ్రీల ఫారెన్‌హీట్, ఫ్యాను లేని థర్మోకోల్ పెట్టెలో గుడ్ల పై మట్టం దగ్గర 101, 102. మిషను మీద కనిపించే అంకెను నమ్మకండి. జ్వరం చూసే థర్మామీటరు సరిగ్గా ఈ వేడి దగ్గరే నమ్మకంగా చూపిస్తుంది, లోపల పెట్టి సరిచూసుకోండి. తేమ మొదటి 18 రోజులు 55, 60 శాతం, ఆఖరి మూడు రోజులు 65, 70. రోజుకు మూడుసార్లో అయిదుసార్లో తిప్పాలి. బేసి లెక్క ఎందుకంటే, రాత్రంతా గుడ్డు రోజూ ఒకే పక్కన ఉండిపోకూడదు. 18వ రోజు తిప్పడం ఆపి, ఇక మూత తెరవకండి.

తేమ సరిపోయిందో లేదో చెప్పేది వంటింటి త్రాసు. 50 గ్రాముల గుడ్డు 18వ రోజుకు సుమారు 44 గ్రాములకు రావాలి. 46 ఉంటే నీళ్లు ఎక్కువ పెడుతున్నారు, 42 ఉంటే తక్కువ. కోస్తాలో తెలంగాణ లెక్కన నీళ్లు పోస్తే పిల్లలు పెంకులోనే ఉబ్బి చస్తాయి. కరెంటు పోతే కంగారు పడి మూత తీయకండి, దుప్పటి కప్పండి. గంటా రెండు గంటలు చల్లబడితే పొదుగు కాస్త ఆలస్యమవుతుంది, అంతే. వేడెక్కడం అలా కాదు. 105 డిగ్రీలకు ఎక్కితే అరగంటలోనే చాలా పిండాలు పోతాయి.

ఏడో రాత్రి ఫోను టార్చి మీద అట్టముక్కకు రూపాయి బిళ్లంత కన్నం చేసి, గుడ్డు ఆనించి చూడండి. సాలీడు కాళ్లలా ఎర్రని నరాలు కనిపిస్తే పిండం బతికున్నట్టు. ఏమీ లేకుండా తేటగా ఉంటే పుంజు కలవని గుడ్డు. ఎర్రని ఉంగరం లాంటి గీత ఒకటే ఉంటే మొదట్లోనే చచ్చిన పిండం. తేటవీ, ఉంగరాలవీ తీసేయండి, ఉంచితే మురిగి పగిలి మిగతావాటిని పాడుచేస్తాయి.

21 రోజులయ్యాక మిగిలిపోయిన గుడ్లను గుంతలో పారేయకముందు పగలగొట్టి చూడండి. వాసనకు చాలామంది ఈ పని చేయరు, కానీ అసలు సంగతి తెలిసేది ఇక్కడే. ఏడో రాత్రి తీసేసిన వాటితో కలిపి తేటవి ఎక్కువైతే పుంజు వైపు చూడాలి. ఎనిమిది, పది పెట్టలకు ఒక పుంజు ఉండాలి. కొత్త పుంజును తెస్తే వారం తర్వాత నుంచి గుడ్లు తీయండి, జాతి నిఖార్సుగా కావాలంటే పాత పుంజు పోయి మూడు వారాలు ఆగండి. రక్తపు ఉంగరాలు, మొదటి వారంలో చచ్చినవి ఎక్కువైతే తప్పు మీరు దాచిన చోటుది. పూర్తిగా పెరిగి పెంకులో చచ్చిన పిల్లలే ఎక్కువైతే మిషను వేడి, తేమ, తిప్పడం చూసుకోవాలి.

కోడిపిల్లలు దిగగానే చేతుల్లోకి తీసుకోవాలని ఇంట్లో పిల్లలు గోల చేస్తారు, ఆపండి. ఈకలు ఆరేదాకా అవి మిషన్లోనే ఉండాలి. కడుపులోకి పీల్చుకున్న పచ్చసొన రెండు రోజుల ఆకలి తీరుస్తుంది. మొదటి వారం 95 డిగ్రీల ఫారెన్‌హీట్ వెచ్చదనం, తర్వాత వారానికి అయిదు డిగ్రీల చొప్పున తగ్గించాలి. రాత్రికి, తెల్లవారుజాముకు బల్బు తప్పకుండా కావాలి. అయిదు నుంచి ఏడు రోజుల మధ్య కొక్కెర తెగులుకు లసోటా టీకా కంట్లో ఒక చుక్క వేయించండి. టీకా మందును ఐసులో పెట్టుకుని తీసుకురండి. కలిపాక రెండు గంటల్లో అయిపోవాలి, మిగిలింది రేపటికి దాచొద్దు.