చూపుకు తగిన ఎత్తు
కంప్యూటరు తెర, దాని ఆధారం: ఒక శాస్త్రీయ పరిశీలన

పురాణం చెప్పే పండితుడు భారత గ్రంథాన్ని నేలపై ఉంచి చదవడు. దానికొక వ్యాసపీఠం ఉంటుంది. రెండు చెక్క పలకలు కత్తెర వలె ఒకదానిలో ఒకటి ఇమిడి ఉండే ఆ పీఠం గ్రంథాన్ని కొంత పైకి లేపి, చదివేవాని వైపు వాలుగా నిలుపుతుంది. గంటల తరబడి పారాయణం సాగినా మెడ మరీ వంగనవసరం లేదు. చదవవలసిన వస్తువు ఎంత ఎత్తులో, ఏ వాలులో ఉండాలనే ప్రశ్నకు మన పెద్దలు చెప్పుకున్న సమాధానమది. అదే ప్రశ్న నేడు కంప్యూటరు తెర రూపంలో ప్రతి కార్యాలయంలోనూ, ప్రతి ఇంటిలోనూ ఎదురవుతున్నది.

షార్జా ఇండస్ట్రియల్ ఏరియా అనగానే వెల్డింగు మెరుపులు, గోదాముల ముందు బారులు తీరిన లారీలు, స్పేరు పార్టుల దుకాణాలు గుర్తుకు వస్తాయి. అంకెలతో పిలువబడే ఆ విభాగాలలో దాదాపు ప్రతి షెడ్డుకూ ఒక మూల చిన్న కార్యాలయ గది, లేదా ఆవరణలో ఒక పోర్టా కేబిన్ ఉంటుంది. అందులో స్టోర్ కీపరో, అకౌంటెంటో, డ్రాఫ్ట్స్‌మనో రోజుకు ఎనిమిది, పది గంటలు తెరకు ఎదురుగా కూర్చుంటాడు. బరువులెత్తే కార్మికుని నడుము నొప్పిని అందరూ గుర్తిస్తారు. కూర్చుని పనిచేసేవాని మెడ నొప్పిని మాత్రం అతడే లెక్కచేయడు. సెలవు పెడితే జీతం తగ్గుతుందన్న భయం ఒకటి, ఇంటికి పంపవలసిన డబ్బు ఆగిపోతుందన్న బెంగ మరొకటి. ఊళ్ళో ఒక సంసారమంతా ఆధారపడిన ఆ మెడను, ఆ కళ్ళను కాపాడుకోవడానికి కొంత జ్ఞానం, ఒక కొలత టేపు చాలును.

మెడపై పడే భారం

మానవుని తల బరువు సుమారు 5 కిలోలు. నిటారుగా కూర్చున్నప్పుడు ఆ బరువు వెన్నుపూసల మీదుగా నేరుగా క్రిందికి దిగుతుంది. తల ముందుకు వంగినప్పుడు అది పొడవాటి కర్ర చివర కట్టిన బరువు వలె పనిచేస్తుంది. దానిని పడిపోకుండా నిలపడానికి మెడ వెనుక కండరాలు నిరంతరం లాగి పట్టుకొని ఉండాలి. 2014లో అమెరికాకు చెందిన వెన్నెముక శస్త్రవైద్యుడు కెన్నెత్ హన్స్‌రాజ్ ఒక గణిత నమూనా ద్వారా ఈ భారాన్ని లెక్కించారు. తల 15 డిగ్రీలు వంగితే మెడపై సుమారు 12 కిలోల భారం, 30 డిగ్రీలకు 18 కిలోలు, 60 డిగ్రీలకు 27 కిలోలు పడుతుందని ఆ లెక్క తేల్చింది. ఇవి సజీవ శరీరంపై కొలిచిన అంకెలు కావు. అయినా తల వంగే కొద్దీ భారం ఎంత వేగంగా పెరుగుతుందో ఇవి స్పష్టం చేస్తాయి.

అట్లయితే తెరను వీలైనంత పైకి ఎత్తితే సరిపోతుంది కదా అని పాఠకులకు తోచవచ్చును. అక్కడే రెండవ చిక్కు ఉన్నది.

కన్నీటి పొర కథ

కంటి నల్లగుడ్డు మీద కొన్ని మైక్రాన్ల మందం గల కన్నీటి పొర పరచుకొని ఉంటుంది. దాని అడుగున జిగురు పదార్థం, నడుమ ఉప్పునీరు, పైన పలుచని నూనె పూత ఉంటాయి. నూనె పూత నీరు త్వరగా ఆవిరి కాకుండా అడ్డుకుంటుంది. రెప్ప వేసిన ప్రతిసారీ ఈ పొర తిరిగి సమంగా పరచుకుంటుంది.

1993లో జపాను శాస్త్రజ్ఞులు త్సుబోటా, నకమోరి ఈ విషయంపై కొలతలు తీసి ప్రకటించారు. ఊరక కూర్చున్న మనిషి నిమిషానికి సగటున 22 సార్లు రెప్ప వేస్తే, పుస్తకం చదివేటప్పుడు 10 సార్లు, తెర చూసేటప్పుడు 7 సార్లు మాత్రమే వేస్తున్నాడు. అంతకంటె ముఖ్యమైన సంగతి మరొకటి ఉన్నది. చూపు క్రిందికి దించి పుస్తకం చదివేటప్పుడు గాలికి తెరచి ఉన్న కంటి వైశాల్యం 1.2 చదరపు సెంటీమీటర్లు. తెర చూసేటప్పుడు 2.3. అంటే తెర ముందు కన్ను దాదాపు రెట్టింపు విచ్చుకొని ఉంటుంది, రెప్పపాటు తగ్గిపోతుంది. తెర ఎంత పైన ఉంటే కన్ను అంతగా విచ్చుకుంటుంది, అంతగా ఆరిపోతుంది.

షార్జాలో దీనికి ఎయిర్ కండిషనరు తోడవుతుంది. వేసవిలో కిటికీ వెలుపల ఏసీ గొట్టం నుండి బొట్లు బొట్లుగా కారే నీరు ఎక్కడిది? గది గాలిలోని తేమే చల్లని లోహపు చుట్టల మీద నీరుగా మారి బయటికి పోతున్నది. ఆ విధంగా తేమ కోల్పోయిన గాలి నేరుగా ముఖానికి తగిలితే కన్నీటి పొర మరింత త్వరగా ఆవిరవుతుంది. సాయంత్రానికి కళ్ళలో ఇసుక పడినట్లు ఉండడానికి ఎడారి ఇసుక ఒక్కటే కారణం కాదు.

మెడ తెరను పైకి కోరుతుంది, కన్ను క్రిందికి కోరుతుంది. ఈ రెంటికీ నడుమ రాజీ కుదర్చాలి. తెర మధ్య బిందువు కంటి మట్టానికి 15 నుండి 20 డిగ్రీలు దిగువన ఉండాలనీ, తెర 50 నుండి 100 సెంటీమీటర్ల దూరంలో ఉండాలనీ అమెరికా వృత్తి భద్రతా సంస్థ ఓషా సూచిస్తున్నది. అంత మేరకు తల వంచకుండానే కనుగుడ్లు సునాయాసంగా క్రిందికి తిరుగుతాయి.

లెక్క ఇలా చేయాలి

కుర్చీలో అలవాటు ప్రకారం కూర్చుని, నేల నుండి కంటి వరకు ఎత్తును మరొకరిచేత కొలిపించాలి. ఉదాహరణకు అది 118 సెంటీమీటర్లు, బల్ల ఎత్తు 74 అనుకుందాం. అంటే కన్ను బల్లకు 44 సెంటీమీటర్ల పైన ఉన్నది. తెర దూరం 65 సెంటీమీటర్లయితే 17 డిగ్రీల వాలుకు చూపు 20 సెంటీమీటర్లు దిగుతుంది. కనుక తెర మధ్య బిందువు బల్లకు 24 సెంటీమీటర్ల ఎత్తున ఉండాలి.

నేటి 24 అంగుళాల వెడల్పాటి తెర ఎత్తు సుమారు 30 సెంటీమీటర్లు. కాబట్టి దాని పై అంచు బల్లకు 39, క్రింది అంచు 9 సెంటీమీటర్ల ఎత్తున నిలవాలి. అంటే పై అంచు కంటి మట్టానికి 5 సెంటీమీటర్లు దిగువన ఉంటుంది. 32 అంగుళాల తెరకు ఎత్తు 40 సెంటీమీటర్లు గనుక పై అంచు సరిగ్గా కంటి మట్టానికి వస్తుంది. తెర పై అంచు కంటికి సమానంగా ఉండాలన్న ప్రసిద్ధ సూత్రం పెద్ద తెరలకు అతికినట్లు చిన్న తెరలకు అతకదని దీనివలన తెలుస్తుంది.

నలభై దాటి బైఫోకల్ లేదా ప్రోగ్రెసివ్ కళ్ళద్దాలు ధరించేవారు తెరను ఇంకా కొన్ని సెంటీమీటర్లు దించాలి. లేకపోతే అద్దం క్రింది భాగం గుండా చూడడానికి గడ్డం పైకెత్తవలసి వస్తుంది. మెడ వెనుకకు విరిగినట్లుంటుంది. తెరను కొద్దిగా వెనుకకు వాల్చి చూపుకు లంబంగా నిలపాలి. తెరను ఒక డిగ్రీ వాల్చితే ప్రతిబింబం రెండు డిగ్రీలు జరుగుతుంది. కావున ఎక్కువగా వాల్చితే పైకప్పు ట్యూబులైటు తెరలో కనిపిస్తుంది. ఎండ వచ్చే షట్టరుకు ఎదురుగాగాని, వీపు పెట్టిగాని కాక, దానికి ప్రక్కగా బల్ల వేసుకోవడం మేలు.

ఆధారం ఎంపిక

రెండు, మూడు సెంటీమీటర్లు పెంచవలసి వస్తే ఖర్చే అవసరం లేదు. 500 కాగితాల ఫొటోకాపీ కట్ట మందం సుమారు 5 సెంటీమీటర్లు. సగం కట్ట రెండున్నర. ఎత్తు కుదిరిన పిమ్మట అదే మందం గల వెడల్పాటి చెక్క పలకను అమర్చుకోవచ్చును.

ఆర్ము కొనదలచినవారు ముందుగా మానిటరు వెనుక నాలుగు రంధ్రాలు ఉన్నవో లేవో చూడాలి. వేసా ప్రమాణం ప్రకారం వాటి మధ్య దూరం 75 లేదా 100 మిల్లీమీటర్లు. కొన్ని చవక మానిటర్లకు ఈ రంధ్రాలు ఉండవు. గ్యాస్ స్ప్రింగు ఆర్ము మోయగల బరువుకు కనిష్ఠం, గరిష్ఠం రెండూ ఉంటాయి. స్టాండు తీసిన మానిటరు బరువు ఆ హద్దులలో లేకుంటే ఆర్ము పైకి లేస్తుంది, లేదా దిగజారుతుంది.

బల్లకు బిగించే క్లాంపు విషయంలో మరికొంత జాగ్రత్త అవసరం. 5 కిలోల మానిటరు 50 సెంటీమీటర్ల దూరాన వ్రేలాడితే, 10 సెంటీమీటర్ల క్లాంపు అంచున ఇంచుమించు 25 కిలోల ఒత్తిడి పడుతుంది. చెక్కపొట్టును రెసిన్‌తో అతికించి చేసిన పార్టికల్ బోర్డు బల్ల ఈ ఒత్తిడికి అంచున నలిగిపోవచ్చును, తేమ తగిలినదైతే మరీ త్వరగా. క్లాంపుకు పైన, క్రింద ఇనుప పలకలు వేస్తే ఒత్తిడి విస్తరిస్తుంది. పోర్టా కేబిన్ గోడ రెండు పలుచని రేకుల నడుమ ఫోము నింపినది. మామూలు స్క్రూలతో దానికి ఆర్ము బిగించరాదు.

ఇంటిలో

ల్యాప్‌టాప్‌లో తెర, కీబోర్డు ఒకదానికొకటి అంటి ఉంటాయి. తెర సరైన ఎత్తుకు వస్తే చేతులు పైకి లేస్తాయి. చేతులు కుదిరితే మెడ వంగుతుంది. విడిగా ఒక కీబోర్డు, మౌసు కొని ల్యాప్‌టాప్‌ను ఎత్తున పెట్టడమే దీనికి మార్గం. మంచం మీద ఒడిలో పెట్టుకొని పనిచేసే అవివాహిత యువకులకు ఇది మరీ ముఖ్యం. తండ్రి, బిడ్డ ఒకే బల్ల వాడే ఇంటిలో బిడ్డకు కుర్చీ ఎత్తు పెంచి, పాదాల క్రింద పీట వేయాలి. లేదా ఎత్తు మార్చగల ఆర్ము అమర్చాలి.

ఎంత చక్కగా అమర్చినా కదలకుండా కూర్చోవడం హానికరమే. ప్రతి ఇరవై నిమిషాలకొకసారి ఆరు మీటర్ల దూరాన ఉన్న వస్తువును ఇరవై సెకన్లు చూడాలి. గోదాము చివరి ర్యాకు అందుకు చాలు. బుద్ధిపూర్వకంగా రెప్పలు పూర్తిగా మూసి తెరవాలి. నొప్పి భుజం నుండి చేతికి ప్రాకినా, వ్రేళ్ళు తిమ్మిరెక్కినా, పట్టు తప్పినా ఇక తెర ఎత్తుతో తీరే సమస్య కాదది. జాప్యం చేయక వైద్యుని సంప్రదించాలి. మిగిలినవారు ఈ వారాంతపు సెలవులో ఒక పావుగంట కేటాయించి, టేపు తీసుకొని, ఇంటిలోని ప్రతివారి కంటి ఎత్తునూ ఒక కాగితం మీద వ్రాసుకుంటే పని సగం పూర్తయినట్లే.