రెండు షాపుల లెక్క

విజయవాడ

చి. సుధకు,

నీ థీసిస్ ప్లాను రెండుసార్లు చదివాను. మొదటిసారి మురిసిపోతూ, రెండోసారి పెన్సిలు పట్టుకుని. టీపొడి అరలో "ఈ వారం ఎక్కువమంది కొన్నది" అని కార్డు పెడితే అమ్మకం పెరుగుతుందా అన్న ప్రశ్న చక్కగా ఉంది. ఒక సూపర్‌మార్కెట్‌లో కార్డు పెడతాను, ఇంకోదాంట్లో పెట్టను, ఒక్కోచోట 400 బిల్లులు తీస్తాను, శాంపిల్ 800 అని రాశావు చూడు, అక్కడ ఆగిపోయాను.

కాదే తల్లీ. నీ శాంపిల్ రెండు.

కార్డు నువ్వు మనిషి మనిషికీ చూపించడం లేదు, షాపుకి తగిలిస్తున్నావు. ఆ షాపుకొచ్చే నాలుగొందల మందికీ వీధి ఒకటే, వాన ఒకటే, కౌంటర్లో కుర్రాడూ ఒకడే. నాకిది పుస్తకం నేర్పలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక టీపొడి కంపెనీకి సరిగ్గా ఇలాగే చేశాను. బెంజ్ సర్కిల్ దగ్గర షాపులో కొత్త స్టాండు, గుంటూరు షాపులో పాతదే. రెండు వారాల్లో ఇక్కడ అమ్మకం అమాంతం లేచింది. రిపోర్టు ఇచ్చాను, భుజం తట్టారు. తర్వాత స్టాండు తెచ్చుకోవడానికి వెళ్తే సరుకు దింపే అబ్బాయి అన్నాడు: "ఎదురు హోల్‌సేల్ వాళ్లింట్లో చావైతే పదిహేను రోజులు మూసేశారు కదమ్మా, బేరమంతా మాకే వచ్చింది." ఆ మాట ఏ బిల్లులోనూ లేదు. నాలుగొందలు కాదు, నాలుగు వేల బిల్లులు తీసినా దొరికేది కాదు.

లెక్కగా చూడు. రెండు షాపులకి చీటీలు వేస్తే కార్డు పడటానికి రెండే దారులు. కార్డులో ఏ మహిమా లేకపోయినా, అది పెట్టిన షాపే ముందుండే అవకాశం సగానికి సగం, బొమ్మా బొరుసూ వేసినట్టే. ఆరు షాపుల్లో మూడింటికి పెడితే 20 రకాలుగా పడొచ్చు. ఎనిమిదింట్లో నాలుగింటికి పెడితే 70. గణాంక శాస్త్రవేత్త ఫిషర్ 1935 నాటి పుస్తకంలో ఉన్న టీ కప్పుల లెక్క ఇదే. పాలు ముందు పోశారో టీ ముందు పోశారో తాగి చెప్పగలనన్న ఒకావిడకి నాలుగు ఇవీ నాలుగు అవీ కలగలిపి ఎనిమిది కప్పులివ్వడం. నోటికొచ్చింది చెబితే అన్నీ కుదిరే అవకాశం 70లో ఒకటి. టీపొడి మీద థీసిస్ రాస్తూ టీ లెక్కే మర్చిపోతే ఎలాగే?

అందుకని ఎనిమిది షాపులకి తక్కువ వద్దు. పన్నెండు దొరికితే ఇంకా మంచిది. అన్ని షాపుల వాళ్లనీ ముందు ఒప్పించు, ఆ తర్వాతే చీటీలు తియ్యి. ఒప్పుకున్నవాళ్లకి కార్డు, కాదన్నవాళ్లు కంట్రోలు అన్నావో, హుషారైన ఓనర్ల చేతి మహిమ కార్డు ఖాతాలో పడుతుంది. కార్డు పెట్టకముందు రెండు వారాల అమ్మకం కూడా ప్రతి షాపులో రాసుకో. పోల్చాల్సింది ఎంత అమ్మారని కాదు, ఎంత మారిందని. నెల మొదటి వారం జీతాల వారం, అది అన్ని షాపులకీ ఒకేలా తగిలేలా తేదీలు పెట్టుకో.

"ఇన్ని షాపులు ఎక్కడ తేను పిన్నీ" అంటావు. ఆర్థికవేత్త నికొలస్ బ్లూమ్ బృందం ముంబై దగ్గర తారాపూర్, ఉంబర్‌గావ్ బట్టల మిల్లుల్లో చేసిన ప్రయోగం (2013లో అచ్చయింది) తీసి చదువు. ఉన్నవి 17 సంస్థలే. అందరికీ ఒక నెల లోపాలు వెతికిపెట్టారు, 11 సంస్థలకి మాత్రం ఇంకో నాలుగు నెలలు దగ్గరుండి పద్ధతులు మార్పించారు. మొదటి ఏడాదిలో ఉత్పాదకత 17 శాతం పెరిగిందని తేల్చారు. సంస్థలు తక్కువని దాచలేదు. వారం వారం లెక్కలు తీసుకుంటూ పోయారు, చీటీలు ఇంకోలా పడుంటే ఏమయ్యేదో కూడా లెక్క కట్టి చూపించారు. నీకు దారి అదే. 800 వరసలు ఎక్కిస్తే కంప్యూటరు ఇది గట్టి తేడా అని పక్కన మూడు నక్షత్రాలు పెట్టి మరీ ఇస్తుంది. దానికి వరసలే తెలుసు, షాపు తెలీదు. ఏ బిల్లు ఏ షాపుదో నువ్వే చెప్పి, షాపుల వారీగా లెక్క కట్టమనాలి.

ఇంకొకటి. టీపొడి పెరగకపోతే కాఫీపొడి చూద్దాం, అదీ కాకపోతే ఆదివారాలు మాత్రం చూద్దాం అనే బుద్ధి నీకూ పుడుతుంది, నాకూ పుట్టింది. సిమ్మన్స్, నెల్సన్, సిమన్‌సన్ అనే ముగ్గురు 2011లో దీన్ని ఎగతాళి చేశారు. ఒక బీటిల్స్ పాట విన్నవాళ్ల వయసు దాదాపు ఏడాదిన్నర తగ్గిందని లెక్కల్లో "నిరూపించారు". అబద్ధపు అంకె ఒక్కటీ వెయ్యలేదు. ఎంతమందితో ఆపాలో ముందు అనుకోకపోవడం, కుదిరిన కొలతలే చెప్పి మిగతావి మింగేయడం, అంతే చేశారు. కాబట్టి ఏ ప్యాకెట్టు, ఎన్ని రోజులు, మధ్యలో షాపు మూతపడితే ఏం చేస్తావు, అన్నీ నోటుబుక్కులో రాసి తేదీ వేసి మీ గైడుగారి సంతకం తీసుకో.

కార్డు పెట్టిన మొదటిరోజు ఒక గంట ఆ అర పక్కన నిలబడు. మా స్టాండు ముందు సగం రోజులు బియ్యం బస్తాలే ఉండేవి.

షాపుల జాబితా తయారవగానే నాకు పంపు. చీటీలు నేను రాసి ఇక్కడ స్టీలు గిన్నెలో వేసి తీస్తాను. నువ్వే తీస్తే నీకిష్టమైన షాపులకే పడ్డాయంటారు.

మీ అమ్మని అడిగానని చెప్పు.

ఇట్లు
మీ పిన్ని