ఊరి పేర్లు – వాటి అర్థాలు : ఐర్లాండ్ నేర్పే పాఠం



కొత్తవాళ్ళు కనిపిస్తే "మీదే ఊరు?" అని అడుగుతాం. ఆ ఊరికి ఆ పేరెందుకు వచ్చిందని మాత్రం అడగం. ఆ ప్రశ్న ఎంత విలువైనదో ఐర్లాండ్ చరిత్ర చదివాక నాకు తెలిసింది.

ఐర్లాండ్ ప్రజల పాత భాష గేలిక్. అక్కడ గుట్టకు, వాగుకు, చేనుకు కూడా ఆ భాషలో పేరుంది. పన్ను లెక్కల కోసం 1824లో బ్రిటిష్ ప్రభుత్వం ఆ దేశమంతా సర్వే మొదలుపెట్టింది. మైలుకు ఆరు అంగుళాల కొలతతో పటాలు గీశారు. పేర్లను మాత్రం ఇంగ్లీషు చెవికి వినిపించినట్లు రాశారు. అలా రాస్తే పేరు నిలుస్తుంది గానీ అర్థం పోతుంది. గేలిక్‌లో 'నల్లని మడుగు' అనే పేరే నేటి డబ్లిన్. 'ఓక్ చెట్ల తోపు' అనే మాటే డెర్రీ. చర్చికి ఒక మాట, అడవికి వేరొక మాట ఉంటే రెండూ ఇంగ్లీషులో 'కిల్' అయిపోయాయి. ఇక ఆ ఊళ్ళో ఉన్నది చర్చా, అడవా? పటం చెప్పలేదు. ఊరి ముసలివాళ్ళ ఉచ్చారణే చెప్పాలి.

ఆ పనికి 1830లో సర్వేలో చేరినవాడు జాన్ ఓ డోనవన్ అనే రైతు బిడ్డ. ఊరూరా తిరిగి, గేలిక్ మాట్లాడే పెద్దలను అడిగి పేర్లు రాసుకున్నాడు. పటంలో ఇంగ్లీషు పేరే అచ్చయినా, సర్వే వారి పేర్ల పుస్తకాల్లో గేలిక్ మూలం, అర్థం మిగిలాయి. 1845లో ఘోరమైన కరువు మొదలైంది. సుమారు పది లక్షల మంది చనిపోయారు. అంతకంటే తక్కువ కాని సంఖ్యలో దేశం విడిచిపోయారు. వారిలో గేలిక్ మాట్లాడే పేదలే ఎక్కువ. ఆ పుస్తకాలు అప్పటికే రాసి ఉండకపోతే ఎన్ని పేర్ల అర్థాలు వారితోనే పోయేవో!

తరువాత 1972లో టిమ్ రాబిన్సన్ అనే ఇంగ్లండు వ్యక్తి అరన్ దీవులకు వెళ్ళి, కాలినడకన తిరిగి, స్థానికులను అడిగి 1975లో పటం అచ్చువేశాడు.

పేర్లు సేకరించేటప్పుడు ఇవి గుర్తుంచుకోవాలి:
1. పెద్దలు పలికినట్లే రాయాలి, మనం దిద్దకూడదు.
2. ఆ చోటికి వెళ్ళి చూడాలి.
3. ఎవరు చెప్పారో, ఏ తేదీన చెప్పారో రాయాలి.
4. రెండు అర్థాలు చెబితే రెండూ రాయాలి. సొంత కథ కల్పించరాదు.

మనకూ ఇది కొత్త కాదు. బ్రిటిష్ వారి కాగితాల్లో మచిలీపట్నం 'మసులిపటం' అయింది, కాకినాడ 'కొకనాడ' అయింది.

మా నాయనమ్మకు సంతకం రాదు. కానీ తాను కూలికి వెళ్ళిన ప్రతి చేను పేరూ ఆమెకు తెలుసు. సొంత పొలం లేకపోయినా ఊరి పొలమంతా ఆమె నోట్లో ఉండేది. నేను డిగ్రీలో ఉండగా ఆమె పోయింది. నా దగ్గర పెన్ను ఉంది, నోటుబుక్కు ఉంది, నేను అడగలేదు. ఈతమాను దిబ్బ, జిల్లేళ్ళ మడి, దొరువు చేను – ఈ మూడే నాకు గుర్తున్నాయి. మిగతా వాటికి ఇప్పుడు సర్వే నెంబర్లే దిక్కు.

మన ఇళ్ళలో చదువు రానివాళ్ళకే ఈ చదువు ఎక్కువ తెలుసు. ఈ సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఒక నోటుబుక్కు తీసుకుని మీ అవ్వ పక్కన కూర్చోండి. నేను చేసిన ఆలస్యం మీరు చేయకండి.